రమజాన్ 17: ఒకే తేదీ, రెండు స్మృతులు

రమజాన్ 17వ తేదీ అనగానే మనకు బద్ర్ సంగ్రామం స్ఫురిస్తుంది. హిజ్రీ 2వ సంవత్సరం (క్రీ.శ. 624) ఆ రోజున సుమారు 313 మంది విశ్వాసులు, వేయి మంది వరకు ఉన్న ఖురైషీ సైన్యాన్ని ఎదిరించి విజయం సాధించారు. 14 మంది షహీదులయ్యారు. శత్రువులలో 70 మంది బందీలుగా చిక్కారు. పరిహారం చెల్లించలేని అక్షరాస్య బందీలకు దైవప్రవక్త (స) విధించిన షరతు గమనార్హం: మదీనా పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే విడుదల!

హిజ్రీ 58లో అదే తేదీన విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (ర.అన్హా) ఇహలోకాన్ని వీడారని పలువురు చరిత్రకారులు రాశారు. హజ్రత్ అబూ హురైరా (ర.అ) జనాజా నమాజు చేయించగా, రాత్రివేళ జన్నతుల్ బఖీలో ఖననం జరిగింది. ఆమె ద్వారా 2210 హదీసులు మనకు చేరాయి. పెద్ద పెద్ద సహాబీలు సైతం చిక్కు సమస్యలలో ఆమెను ఆశ్రయించేవారు. అక్క కుమారుడు ఉర్వా ఆమె శిష్యుడే.

శత్రువు నుండి సైతం చదువు స్వీకరించిన సమాజం, స్త్రీని గురువుగా గౌరవించిన సమాజం మనది. మరి పదో తరగతి కాగానే మన ఆడపిల్లల పుస్తకాలు అటకెక్కడం న్యాయమేనా? ఈ రమజాన్ 17న ఇఫ్తార్ వేళ ఈ రెండు సంఘటనలూ పిల్లలకు వినిపిద్దాం. కూతురి చదువు గురించి ఆనాడే ఒక నిర్ణయం తీసుకుందాం.