గుగ్గిలం: పేరు ఒకటే, బంకలు రెండు



మా బడిలో పనిచేసే తోటి ఉపాధ్యాయులు ఒకరు ఆమధ్య రక్తపరీక్ష చేయించుకుంటే కొలెస్టరాల్ ఎక్కువగా ఉందని తేలింది. డాక్టరుగారు మాత్రలు రాసిచ్చారు. మరుసటి వారం ఆయన సంతలో కొన్న పొట్లం ఒకటి తెచ్చి నా బల్లమీద విప్పారు. "మేష్టారూ, గుగ్గిలం కొవ్వు కరిగిస్తుందటగా! మాత్రలు మానేసి దీన్ని పొడిచేసి తేనెతో తీసుకుంటే పోలా?" అన్నారు. పొట్లంలో లేతపసుపు రంగులో, గాజుపెంకుల్లా పెళుసుగా ఉన్న ముక్కలున్నాయి. అది మనం నిప్పులమీద వేసి ధూపం పట్టే గుగ్గిలం. ఆయన విన్నది వేరే బంక సంగతి.

ఈ పొరపాటు ఎవరికైనా జరగవచ్చు. సరిహద్దుల్లో ఉన్న మనకు మరీ సులభం. తెలుగులో గుగ్గిలం అనే మాట ఎక్కువగా సాలవృక్షపు బంకకు వాడతాం. ఒడిశాలో దాన్నే ఝుణా అంటారు. తమిళంలో కుంగిలియం అన్నా ఇలాంటి ధూపద్రవ్యమే. ఆయుర్వేదంలో చెప్పిన గుగ్గులు మాత్రం వేరే మొక్కది. మన పచారీ కొట్లలో దాన్ని మహిసాక్షి అంటారు. సాలవృక్షం అడవిలో ఆకాశమంత ఎత్తు పెరిగే చెట్టు. గుగ్గులు మొక్క రాజస్థాన్, కచ్, సింధు ప్రాంతాల ఎడారి నేలల్లో పెరిగే ముళ్ళపొద. మనిషెత్తుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. బెరడు కాగితం పొరల్లా ఊడివస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఆకులే ఉండవు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కమిఫోరా వైటియై.

కాండానికి గాటు పెడితే బంక కారి గడ్డకడుతుంది. అందులో మూడు రకాల పదార్థాలు కలిసి ఉంటాయి. మొదటిది ఆవిరయ్యే నూనె. మిర్సీన్ వంటి పదార్థాలున్న ఈ నూనెవల్లే దానికి సువాసన. రెండోది నీటిలో కలిసే జిగురు. మూడోది నీటిలో కరగని సర్జరసం. గుగ్గులును నీళ్ళలో నూరితే పాలలా తెల్లబడేది ఈ కలయిక వల్లనే. సాలబంక అలా కలవదు. మందుగుణానికి కారణమని ఎక్కువగా పరిశోధించినవి గుగ్గుల్‌స్టెరోన్‌లు. ఇవి ఇ, జెడ్ అని రెండు రూపాల్లో, కొద్ది పాళ్ళలో ఉంటాయి. కొలెస్టరాల్‌లాగే ఇవి కూడా స్టెరాయిడ్ కుటుంబానివే. సాలబంకలో ఇవి లేవు.

ఇంతకీ కొవ్వుకూ దీనికీ సంబంధం ఎలా తెలిసింది? మేదోరోగానికి గుగ్గులు మందని సుశ్రుత సంహిత చెప్పింది. ఆ మాట పట్టుకుని డాక్టర్ జి.వి. సత్యవతి కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కుందేళ్ళపై ప్రయోగాలు చేసి, 1966లో సిద్ధాంత గ్రంథం సమర్పించారు. తర్వాత లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ బంకనుంచి సారం తీసి, 1980ల్లో మందుగా తెచ్చింది. అప్పట్లో మనదేశంలో జరిగిన పరీక్షల్లో కొలెస్టరాల్ తగ్గినట్టు నివేదికలు వచ్చాయి.

అది ఎలా పనిచేయవచ్చో చూడండి. కాలేయం కొలెస్టరాల్‌ను పైత్యరసపు ఆమ్లాలుగా మారుస్తుంది. ఆ ఆమ్లాలు చాలినంత తయారయ్యాక పని ఆపే గ్రాహకం ఒకటుంది. తొట్టి నిండగానే మోటారు ఆపే స్విచ్చి వంటిదన్నమాట. గుగ్గుల్‌స్టెరోన్ ఆ స్విచ్చికి అడ్డుపడుతుందని 2002లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చూపారు.

అయితే ప్రయోగశాల వేరు, మనిషి ఒళ్ళు వేరు. 2003లో అమెరికాలో 103 మందిపై 8 వారాలపాటు జరిపిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. గుగ్గులు సారం తీసుకున్నవారిలో చెడ్డ కొలెస్టరాల్ తగ్గలేదు సరికదా, నూటికి నాలుగైదు పాళ్ళు పెరిగింది. కొందరికి ఒంటిమీద దద్దుర్లు వచ్చాయి. అంతమాత్రాన శాస్త్రం అబద్ధమని, గ్రంథం తప్పని అనుకోనక్కరలేదు. ఒక పదార్థానికి శరీరంమీద ప్రభావం ఉండడం ఒక సంగతి, అది ఫలానా రోగికి మేలుచేస్తుందని రుజువు కావడం మరో సంగతి.

ప్రభావం ఉందంటే జాగ్రత్త కూడా కావాలి. రక్తపోటుకూ గుండెకూ వాడే డిల్టియాజెమ్, ప్రొప్రనలాల్ అనే మందులు గుగ్గులుతో కలిస్తే రక్తంలోకి తక్కువగా చేరుతాయని 1994లో మన వైద్యులే గమనించారు. మాత్ర వేసుకుంటూనే ఉంటాం, పని మాత్రం తగ్గిపోతుంది. గర్భిణులు దీన్ని తీసుకోకూడదు. థైరాయిడ్ జబ్బున్నవారు వైద్యుని అడగకుండా వాడకూడదు. ఆయుర్వేద వైద్యులు కూడా పచ్చిబంకను అలాగే ఇవ్వరు. త్రిఫల కషాయంలోనో పాలలోనో శుద్ధిచేశాకే యోగరాజ గుగ్గులు వంటి మందుల్లో వాడతారు.

ఇంకొక్క సంగతి. ఎక్కువ బంక రావాలన్న ఆశతో లోతుగా గాట్లు పెట్టి, వాటికి రసాయనాలు పూస్తే మొక్క ఎండి చచ్చిపోతుంది. ఈ పొద ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. ప్రకృతి పరిరక్షణకు పాటుపడే అంతర్జాతీయ సంఘం దీన్ని అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. అవసరం లేని ప్రతి డబ్బా వెనుక ఎడారిలో గాటుపడిన కొమ్మ ఒకటి ఉందని మరవకండి.

అందుచేత గుగ్గులు మందు వాడదలిస్తే ముందు అర్హతగల వైద్యుని అడగండి. ఇప్పటికే వేసుకుంటున్న మాత్రల పేర్లన్నీ ఆయనకు చెప్పండి. ఉన్న మాత్రను మీ అంతట మీరు మానకండి. సంతలో ధూపానికి అమ్మే గుగ్గిలాన్ని మాత్రం ఏ జబ్బుకూ మింగకండి.

మా ఉపాధ్యాయులు ఆ పొట్లం ఇంటికి తీసుకువెళ్ళి దేవుడి గూట్లో పెట్టారు. శుక్రవారం శుక్రవారం ధూపం వేస్తున్నారట. మాత్రలు మానలేదు. ఉదయం నడక కొత్తగా మొదలుపెట్టారు.