గేర్‌బాక్స్‌లో కాపలా అయస్కాంతం

సూపర్ ప్యూమా హెలికాప్టర్‌లో ఒక ఇంజను ఆగినా రెండోది ఆదుకుంటుంది. రెక్కల్ని తిప్పే ప్రధాన గేర్‌బాక్స్ మాత్రం ఒక్కటే. ఇంజనులో నిమిషానికి 20,000కు పైగా ఉన్న చుట్లను రెక్కల దగ్గరికి వచ్చేసరికి దాదాపు 265కు దించే పళ్లచక్రాల పెట్టె అది.

ఆ పెట్టెలో నూనె పారే దారిలో అయస్కాంతపు బిరడాలు ఉంటాయి. ఒక్కోదాన్ని చిప్ డిటెక్టర్ అంటారు. బేరింగు నుంచో చక్రం పంటి నుంచో ఉక్కు పెచ్చు రాలితే, నూనెతో కొట్టుకొచ్చి దానికి అంటుకుంటుంది. మెకానిక్ గడువు తప్పకుండా దాన్ని ఊడదీసి చూడాలి. సన్నటి రజను మామూలు అరుగుదల కావచ్చు. పెచ్చు కనిపిస్తే మాత్రం లోపల ఉక్కు పైపొర లేచిపోతోందేమోనని అనుమానించాల్సిందే.

2009 మార్చి 25న స్కాట్లండ్‌లో, ఉత్తర సముద్రపు చమురు వేదికలకు మనుషుల్ని చేరవేసే ఒక సూపర్ ప్యూమాలో అలాంటి పెచ్చు దొరికింది. బిరడా పని బిరడా చేసింది. నడిపే సంస్థకూ తయారీదారుకూ మధ్య మాట సరిగా అందక, చక్రాలున్న పైభాగాన్ని విప్పి చూడలేదు. ఏప్రిల్ 1న ఆ హెలికాప్టర్ రెక్కల రోటర్ ఊడిపోయి 16 మంది మరణించారు. పైభాగంలో ఉన్న అయస్కాంతాల వలయం పెచ్చుల్ని అక్కడే పట్టేసి, కింది తొట్టిలోని డిటెక్టర్ దాకా చేరనివ్వదని దర్యాప్తులో తేలింది. వలయాన్ని తీసేయించారు. తనిఖీల మధ్య వ్యవధి తగ్గించారు.

అయినా 2016 ఏప్రిల్ 29న, గుల్‌ఫాక్స్ బి వేదిక నుంచి బెర్గెన్‌కు వస్తున్న అదే కుటుంబపు ఈసీ225, నార్వే తీరంలో రోటర్ ఊడి కూలింది. 13 మందిలో ఒక్కరూ మిగల్లేదు. సూర్యుడి చుట్టూ గ్రహాల్లా మధ్య చక్రం చుట్టూ తిరిగే 8 చక్రాల్లో ఒకటి పగిలింది. బేరింగు దారిలో కంటికి ఆనని గుంట దగ్గర మొదలైన బీట, పైకి తేలకుండా ఉక్కు లోపలే పాకింది. ముందుగా హెచ్చరించే పెచ్చు ఏదీ బిరడాకు చిక్కలేదు. నడిపే సంస్థ నిర్వహణలో ప్రమాదానికి దారితీసిన లోపమేదీ దర్యాప్తుదారులకు కనిపించలేదు. ఇన్ని చావుల వెనుక నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. నియమం పాటించినవాళ్లకు కూడా ఆ నియమం రక్షణ ఇవ్వలేకపోయింది.

ఆ తర్వాత లోపల ఒత్తిడి తక్కువ పడే రకం చక్రాలనే ఉంచారు, వాటి వాడకపు గడువు కుదించారు. 2018 నాటి నార్వే దర్యాప్తు నివేదికలో అంతకన్నా ముఖ్యమైన సంగతి ఉంది. గ్రహాల్లా తిరిగే ఈ చక్రాల్లో అనుమతించిన గడువు దాకా బతికినవి కొన్నే. మిగిలినవాటిని ఓవర్‌హాల్‌లోనో, గేర్‌బాక్స్‌ను మధ్యలో దించినప్పుడో పనికిరావని పక్కన పెట్టారు. అవి ఎందుకు చెడ్డాయో తయారీ సంస్థ ప్రతిసారీ పరీక్షించలేదు. తీసేయమనడంతోనే నియమం ఆగిపోయింది. కీలక భాగం దేన్ని తిరస్కరించినా, దెబ్బ స్వభావం పూర్తిగా తేలేదాకా దాన్ని పరిశీలించేలా చూడాలని ఆ నివేదిక ఐరోపా విమాన భద్రతా సంస్థను కోరింది.