తీగకూ ఒక చిరునామా

ఒక తీగ ఎక్కడ బయలుదేరి ఎక్కడ చేరుతున్నదో తెలిపే చిన్న చీటీ విలువ సాధారణంగా ఆ చీటీ లేనప్పుడో, దానిమీద ఉన్నది తప్పయినప్పుడో తెలిసివస్తుంది. విద్యుత్ సరఫరా, టెలిఫోను, రైలు సంకేతాలు, కంప్యూటర్ల అనుసంధానం ఇవన్నీ తీగల మీద ఆధారపడినవే. పైకి చూస్తే ఒక తీగకూ మరొక తీగకూ భేదం కనిపించదు. వంద నల్లని తీగలు ఒకే గొట్టంలో నుంచి వచ్చి ఒకే పెట్టెలో చేరినప్పుడు వాటిలో ఏది దేనికి సంబంధించినదో చెప్పగలవాడు వాటిని అమర్చిన మనిషి ఒక్కడే. అతడు బదిలీ అయినా, ఉద్యోగ విరమణ చేసినా ఆ జ్ఞానం అతని వెంటే పోతుంది. మిగిలేది చీటీ. అదీ లేకపోతే ఊహ.

ఊహ మీద, పాతబడిన గుర్తుల మీద ఆధారపడితే ఏమి జరుగుతుందో 2023 జూన్ 2వ తేదీ సాయంత్రం ఒడిశాలోని బాలాసోర్ జిల్లాలో, బహనగా బజార్ స్టేషను వద్ద దేశం చూసింది. షాలిమార్ నుంచి విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నైకి పోయే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు ప్రధాన మార్గంలో సాగిపొమ్మని ఆకుపచ్చ సంకేతం లభించింది. కాని పట్టాలు మాత్రం పక్కనున్న లూప్ లైనుకు అమరి ఉన్నాయి. బండి ఆ లైనులోకి మళ్లి, అక్కడ నిలిచి ఉన్న ఇనుప ఖనిజపు గూడ్సు బండిని ఢీకొన్నది. పట్టాలు తప్పిన పెట్టెలు అదే సమయంలో ఎదురు దిశగా పోతున్న బెంగళూరు–హౌరా ఎక్స్‌ప్రెస్ చివరి పెట్టెలను తాకాయి. 2023 జూలైలో ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపిన లెక్క ప్రకారం 295 మంది ప్రాణాలు కోల్పోయారు.

రైల్వే భద్రతా కమిషనర్ జరిపిన విచారణలో తేలిన విషయాలు గమనింపదగినవి. స్టేషను ఉత్తరపు సిగ్నల్ గుమ్టీలో గతంలో సర్క్యూట్లను మార్చినప్పుడు లోపాలు జరిగాయి. 94వ నంబరు లెవెల్ క్రాసింగు వద్ద విద్యుత్ గేటును మార్చే పనిలోనూ లోపాలు జరిగాయి. గేటు దగ్గరి పెట్టెలోని తీగల మీద ఉన్న గుర్తులు సరైనవి కావు. ఆ సంగతి సంవత్సరాల తరబడి ఎవరి దృష్టికీ రాలేదు. మరమ్మతు వేళ తీగలు తారుమారు కావడానికి అదే దారి తీసింది. అంతకు ముందు ఏడాది, అనగా 2022 మే 16వ తేదీన, అదే ఖరగ్‌పూర్ డివిజనులోని బాంక్రా నయాబాజ్ స్టేషనులో తీగల అమరిక తప్పినందువల్ల సంకేతం చూపిన దారి ఒకటి, బండి పోయిన దారి మరొకటి అయింది. అప్పుడే దిద్దుబాటు చర్యలు తీసుకొని ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదని నివేదిక అభిప్రాయపడింది.

ఇంత ఘోరానికి చీటీ ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. నివేదిక సిగ్నల్ విభాగంలో పలు స్థాయిల్లోని లోపాలను ఎత్తిచూపింది. అయితే అది చేసిన సిఫారసులలో ఒకటి సాదాసీదా విషయం: సిగ్నల్ తీగల పటాలను, సంబంధిత పత్రాలను, క్షేత్రంలో తీగల మీద ఉన్న అక్షరాలను ఉన్న స్థితికి అనుగుణంగా సరిచేసే ఉద్యమం చేపట్టాలన్నది. అందుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు, ఓపిక కావాలి.

రంగుల భాష

తీగలను గుర్తించడానికి మొదటి సాధనం రంగు. మన దేశంలో మూడు ఫేజుల విద్యుత్తుకు ఎరుపు, పసుపు, నీలం వాడుకలో ఉన్నాయి. న్యూట్రల్ నలుపు, భూమికి కలిపే ఎర్తు తీగ ఆకుపచ్చ. శ్రీకాకుళంలో పని నేర్చుకొన్న ఎలక్ట్రీషియన్ భిలాయిలో పెట్టె తెరిచినా ఈ రంగులను ఒకే విధంగా చదువుకోగలడు. టెలిఫోను కేబుళ్లలో ఇంకా తెలివైన ఏర్పాటు ఉన్నది. తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా అనే ఐదు రంగులను నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, పలక రంగు అనే మరో ఐదింటితో జతపరిస్తే 25 జతలు వస్తాయి. పది రంగులు గుర్తుంచుకొన్నవాడు ఇరవై ఐదు జతలలో కావలసిన దానిని నిమిషంలో వేరుచేయగలడు.

రంగుకు ఒక పరిమితి ఉన్నది. అది తీగ జాతిని చెబుతుంది గాని వ్యక్తిని చెప్పదు. ఒక భవనంలో రెండువందల నీలిరంగు కంప్యూటర్ తీగలు ఉంటే నీలం వల్ల ప్రయోజనమేమిటి? అప్పుడు సంఖ్య కావాలి. విద్యుత్ ప్యానెళ్లు తయారుచేసే కర్మాగారాలలో అంకెలు ముద్రించిన చిన్న ప్లాస్టిక్ ఉంగరాలను తీగకు తొడిగే పద్ధతి ఉన్నది. పనివారు వాటిని ఫెర్రూళ్లంటారు. తీగ కొనను బిగించక ముందే తొడగాలి. మరచిపోతే విప్పి మళ్లీ బిగించాలి. ముందే అమర్చిన తీగకు గుర్తు పెట్టవలసివస్తే అంటుడు లేబులే శరణ్యం.

అంటుడు కాగితం కథ

నీరు తగిలించకుండా, జిగురు పూయకుండా వెనుక కాగితం ఒలిచి అంటించే లేబుల్‌ను అమెరికాలో స్టాంటన్ ఏవరీ 1935లో తయారుచేసి అమ్మకం ఆరంభించాడు. అవి ధరల చీటీలుగా దుకాణాలలో ప్రవేశించాయి. ఈనాడు కంప్యూటరుతో పాటు సాధారణ ప్రింటరు ఉన్న ఏ కళాశాలైనా తనకు కావలసిన లేబుళ్లను తానే ముద్రించుకోవచ్చు. చేతిలో ఇమిడే లేబుల్ ప్రింటర్లూ ఉన్నాయి.

కాని పుస్తకం అట్ట మీద అంటించే తెల్ల కాగితపు లేబుల్ తీగకు పనికిరాదు. తీగ గుండ్రన, కాగితం తిరిగి చదునుగా కావడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది. మన ఎండాకాలం నాలుగు నెలలు గడిచేసరికి అంచులు లేచిపోతాయి. పైగా తీగ మీది పీవీసీ పొరలో మెత్తదనానికి కలిపే నూనెవంటి పదార్థం మెల్లగా జిగురులోకి చేరి దానిని వదులు చేస్తుంది. అందువల్ల తీగల కోసం మెత్తని వినైల్‌తో, తగిన జిగురుతో చేసిన లేబుళ్లు వాడతారు. వీటిలో మెచ్చుకోదగినది ఒకవైపు తెల్లగా, మిగిలినదంతా పారదర్శకంగా ఉండే రకం. తెల్ల భాగంలో సంఖ్య ముద్రించి, దానిని ముందు తీగకు అంటించి, పారదర్శకమైన తోకను చుట్టూ తిప్పి అక్షరాల మీదికి తేవాలి. అప్పుడు ముద్రణకు అదే కవచమవుతుంది. చెమట చేతులు తగిలినా అక్షరం చెరగదు.

దీనికి కొలత అవసరం. సాధారణ కంప్యూటర్ తీగ వ్యాసం సుమారు 6 మి.మీ. అనుకొంటే చుట్టుకొలత 19 మి.మీ. అవుతుంది. తెల్ల భాగం 10 మి.మీ. ఉంటే, ఒక చుట్టు పూర్తిచేసి అక్షరాలన్నిటినీ కప్పడానికి లేబుల్ మొత్తం పొడవు కనీసం 29 మి.మీ. కావాలి. కొంచెం ఎక్కువే ఉంటే నష్టం లేదు. తక్కువైతే మాత్రం సగం అక్షరాలు బయటపడి ఉంటాయి. రెండు మిల్లీమీటర్ల సన్నని ఫైబర్ తీగకు ఈ పద్ధతి కుదరదు. అంత సన్నని ఒంపు మీద అంకె ఒక్క చూపుకు అందదు. దానికి రెండు కొనలను ఒకదానికొకటి అంటించిన జెండా వంటి లేబుల్ కట్టి, రెండు వైపులా అదే సంఖ్య ముద్రిస్తారు.

ముద్రణలోనూ మెలకువలున్నాయి. ఇంక్‌జెట్ ప్రింటరు సిరా నీటికి అలుక్కుపోవచ్చు. లేసర్ ప్రింటరులో కాగితం వేడి రోలర్ల మధ్య నుంచి పోతుంది గనుక ఆ యంత్రానికి తగినదని సూచించిన షీట్లనే వాడాలి. లేకుంటే జిగురు కరిగి యంత్రంలో అంటుకొంటుంది. సగం లేబుళ్లు ఒలిచిన షీటును తిరిగి పెట్టడం పొదుపుగా తోచినా ప్రింటరు మరమ్మతు ఖర్చుతో పోలిస్తే అది పొదుపు కాదు. వేడికి నల్లబడే కాగితం మీద ముద్రించే బిల్లుల యంత్రం చౌకైనదే కాని ఎండ తగిలిన చోట ఆ అక్షరాలు కొన్నాళ్లకు మాసిపోతాయి. ముందుగా మామూలు కాగితం మీద ముద్రించి, లేబుల్ షీటుతో కలిపి వెలుతురుకు ఎత్తి చూస్తే గళ్లు సరిపోయినవో లేదో తెలిసిపోతుంది.

అంటించేముందు తీగ మీది దుమ్ము, జిడ్డు తుడవాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి అంటిస్తే లేబుల్ నిలుస్తుంది. జిగురు పూర్తి బలం పుంజుకోవడానికి ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ లోపల లాగి చూడరాదు.

ఏమి రాయాలి?

ఇదే అసలు చిక్కు. చాలా చోట్ల తీగ మీద ‘ప్రిన్సిపాల్ గది’, ‘కొత్త ప్రింటరు’ అని కనిపిస్తుంది. ప్రిన్సిపాల్ గది మారుతుంది. కొత్త ప్రింటరు పాతదవుతుంది. చీటీ మాత్రం అలాగే ఉండి తరువాత వచ్చినవారిని తప్పుదారి పట్టిస్తుంది. అందువల్ల తీగకు పని పేరు గాక స్థానపు పేరు ఉండాలి. ఉదాహరణకు ‘2-05-17’ అంటే రెండవ అంతస్తు, ఐదవ గది, పదిహేడవ ప్లగ్గు. ఆ తీగకు ఈ సంవత్సరం ఏ యంత్రం తగిలించారో చెప్పవలసింది రిజిస్టరు. లేబుల్ మారదు, రిజిస్టరు మారుతుంది. అమెరికాలోని టెలికమ్యూనికేషన్ల పరిశ్రమ సంఘం 606 సంఖ్యతో 1993లో వెలువరించిన ప్రమాణం కూడా తీగలకు గుర్తింపు సంఖ్యలు, వాటికి తగిన లిఖిత వివరాలు రెండూ కలిసి ఉండాలన్న భావం మీదనే నిలిచింది. తీగ రెండు కొనల దగ్గరా, సుమారు 30 సెం.మీ. లోపల, ఒకే సంఖ్య ఉండాలి. ఒక కొనకే చీటీ ఉన్న తీగ సగం చిరునామా రాసిన ఉత్తరం వంటిది.

ఏ లిపిలో రాయాలన్న ప్రశ్న మనవంటి బహుభాషా దేశంలో సహజం. దీనికి విద్యుత్ నిబంధనలే ఒక దారి చూపాయి. 1956 నాటి భారత విద్యుత్ నియమాలు పుర్రె, ఎముకల గుర్తుతో ఉండే ప్రమాద సూచికను హిందీలో లేదా ఇంగ్లీషులో, దానితోబాటు ఆ జిల్లా స్థానిక భాషలో రాయాలని విధించాయి. అది దారిన పోయేవారి కోసం. తీగ మీది సంఖ్య పనివారి కోసం. వారు ఏ రాష్ట్రం నుంచైనా రావచ్చు. కావున దానికి అంకెలే మేలు. రోమన్ అక్షరాలు కలిపితే ‘ఓ’కు సున్నతో, ‘ఐ’కి ఒకటితో పోలిక ఉన్నదని గుర్తుంచుకోవాలి. ఈ రెండు అక్షరాలను అసలు వాడకపోవడమే క్షేమం.

పాత భవనంలో చీటీలు లేని తీగలకు పేర్లు పెట్టడం కొత్త భవనంలో కంటే కష్టం. ఒక కొనలో స్వరం పంపే పరికరం తగిలించి, రెండవ కొనల గుత్తిలో ఏ తీగ పలుకుతున్నదో చిన్న గ్రాహకంతో వింటూ ఒక్కొక్కదానిని పట్టుకోవాలి. ఇద్దరు మనుషులు, ఒక నోటు పుస్తకం, సెలవు దినం కావాలి. గుర్తించిన తీగకు అప్పటికప్పుడే లేబుల్ అంటించాలి. అన్నీ అయిన తరువాత కూర్చుని రాద్దామనుకొంటే తిరిగి మొదటికి వస్తారు. విద్యుత్ సరఫరా తీగల విషయంలో ఈ పని విద్యార్థులు చేయరాదు. లేబుల్ ఎంత స్పష్టంగా ఉన్నా, సరఫరా ఆపి, ఆగినదని పరికరంతో పరీక్షించిన తరువాతనే శిక్షణ పొందినవారు తీగను ముట్టుకోవాలి.

పని మానిన తీగను తొలగించేటప్పుడు దాని లేబుల్‌ను, రిజిస్టరులోని దాని వరుసను కూడా తొలగించాలి. తీగను గొట్టంలో నుంచి లాగడం వీలుకాకపోతే రెండు కొనలకూ ‘వాడుకలో లేదు’ అని, తేదీతో సహా, మరొక చీటీ అంటించాలి. పాత సంఖ్యను మాత్రం కొత్త తీగకు ఇవ్వరాదు. కొన్నేళ్ల తరువాత పాత పటం చేతబట్టుకొని వచ్చినవాడు దానినే వెతుకుతాడు.