ఆటల బడికి బిడ్డలను ఎంచు విధము



ప్రతి సంవత్సరము ఎండలు తగ్గి తొలకరి చినుకులు పడు దినములలో మా శ్రీరాంపూరు చుట్టుపట్ల పల్లెలనుండి ఇద్దరు ముగ్గురు తండ్రులు నా యింటికి వత్తురు. వారి చేత వార్తాపత్రికనుండి చింపిన తుంట యొకటి యుండును. క్రీడా పాఠశాలలో నాలుగవ తరగతి ప్రవేశమునకు ఎంపిక జరుగనున్నదని అందు ప్రకటన యుండును. "సారూ, మా పిలగాడు ఒక్కకాడ కుదురుగ ఉండడు. పొద్దంత ఉరుకుతనే ఉంటడు. పంపుమంటరా?" అని వా రడుగుదురు. నేను ముప్పదియేండ్లకు పైబడి బడిపంతులుగా నుండినవాడను. ఈ ప్రశ్నకు ఒకప్పుడు తడుముకొనక ఉత్తరము చెప్పెడివాడను. ఇప్పు డట్లు చెప్పజాలను. ఏల చెప్పజాలనో మీకు విన్నవించుటయే నేటి నా ప్రసంగము.

మొదట దూరదేశపు ముచ్చట యొకటి వినుడు. నా మేనల్లుని కుమారుడు అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున చదువుచున్నాడు. అచట శీతకాలమున ఐస్ హాకీ యను ఆటను మిక్కుటముగా ఆడుదురు. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు గల నున్నని మంచుగడ్డ నేలపై, కాళ్లకు ఉక్కు అలుగులు గల జోళ్లు తొడిగికొని, ఒక్కొక్క పక్షమున ఆరుగురు జారుచు ఆడుదురు. బంతికి మారుగా అంగుళము మందము, మూడంగుళముల అడ్డుకొలత గల నల్లని రబ్బరు బిళ్ల యుండును. ఇరువది నిమిషముల చొప్పున మూడు భాగములుగా ఆట సాగును. కళాశాలల జాతీయ పోటీ 1948లో మొదలయ్యెను. ఆ తొలియేట గెలిచినది మిషిగన్ వారే.

నన్ను ఆశ్చర్యపరచినది ఆట కాదు. ఆ జట్టును ప్రేమించు జనులు ఆడుచున్నవారిని మాత్రమే గాక, రెండు మూడేండ్ల పిమ్మట కళాశాలలో చేరబోవు బాలురను గూడ ఇప్పటినుండియే కనిపెట్టుచుందురట! ఏ యూరి బాలుడు మన కళాశాలకు వత్తునని మాట యిచ్చెను, వాడిప్పు డే చిన్న జట్టులో ఆడుచున్నాడు, నిన్నటి ఆటలో ఎన్ని గోళ్లు వేసెను, వానికి ఒడ్డు పొడవు సరిపోవునా అని లెక్కలు వ్రాసికొందురట. ఈ యేడు చదువు ముగించి పోవువా రెందరు, వారి స్థలమున నిలుచువా రెవ్వరు అని ముదుసళ్లు సైతము చర్చింతురట. ఇది విని నేను నవ్వితిని. పిదప ఆలోచింపగా నవ్వు నిలిచిపోయినది. తుకము పోసిన రైతు ప్రతిదినము మడికట్టున నిలిచి నారు చూచుకొనడా? నారు చూడక నాటు చూచువాడు రైతు కాడు గదా!

అయితే అచటను ఒక పొరపాటు జరుగుచుండెడిది. మంచి ఆటగాడు పరుల పాలగునేమో యను తొందరచే శిక్షకులు పదునాలుగేండ్ల పసివారితోనే మాట పుచ్చుకొనుచుండిరి. నాలుగైదేండ్లలో కొందరి యాట పెరిగెను, కొందరిది పెరుగలేదు. కొందరు బాలురు మాట మార్చిరి, కొన్నియెడల కళాశాలలే మార్చెను. అందుచే 2019లో నియమములు దిద్దిరి. బాలుడు పదియవ తరగతి నడుమకు వచ్చువరకు శిక్షకు డాతనితో చేరికనుగూర్చి మాటాడరాదనియు, పదునొకండవ తరగతికి ముందు ఆగస్టువరకు స్థలమిత్తునని చెప్పరాదనియు కట్టడి చేసిరి. ఇంతయు జరిగిన పిమ్మట గూడ పెక్కుమంది వెంటనే కళాశాలలో చేరరు. చిన్న జట్లలో మరి యొకటి రెండేండ్లు ఆడి, పందొమ్మిదవ యేటనో ఇరువదియవ యేటనో వచ్చి చేరుదురు. పైరు పండినదో లేదో చూచి కోయుట యనగా ఇదియే.

ఇక మన చెంతకు వత్తము. హైదరాబాదు చెంత హకీంపేటలో 1993లో స్థాపింపబడిన క్రీడా పాఠశాల యొకటి కలదు. అటువంటివే కరీంనగరమునను, ఆదిలాబాదునను కలవు. చదువు, భోజనము, వసతి, ఆటల శిక్షణము అన్నియు సర్కారు వారే చూతురు. మూడవ తరగతి ముగించిన పిల్లలను నాలుగవ తరగతిలో చేర్చుకొందురు. ఇటీవలి ప్రకటనలనుబట్టి ఒక్కొక్క బడిలో బాలురు 20 మంది, బాలికలు 20 మంది. మొదట మండలమున, పిదప జిల్లాలో, తుదకు రాష్ట్రస్థాయిలో వడపోత జరుగును.

అచట ఏమి చూతురని పెద్ద లడుగుచుందురు. బిడ్డ కబడ్డీ ఆడునా, హాకీ ఆడునా అని చూడరు. శరీరమున నున్న శక్తిని మాత్రమే తూచుదురు. ఎత్తును బరువును కొలుతురు. 30 మీటర్ల దూరము మెరుపువలె ఉరికించి వేగము చూతురు. నిలుచున్న చోటనుండి ముందునకు దూకించి, మరల నిట్టనిలువుగా ఎగిరించి, తొడలలో పిక్కలలో నుండు బలము నెరుగుదురు. బరువైన బంతిని విసరించి భుజబలము చూతురు. పది మీటర్ల నడుమ ఆరుమార్లు ఇటునటు ఉరికించి, మలుపు తిరుగు చురుకుదనము కనుగొందురు. మోకాళ్లు వంచక ముందునకు వంగుమని నడుము ఒదుగుదలను పరీక్షింతురు. 800 మీటర్ల పరుగుచే ఊపిరి ఎంతదనుక నిలుచునో తెలిసికొందురు. ఇవి ప్రధానమైన పరీక్షలు. ఒక్కొక్క దానికి మార్కులు గలవు. అన్నియు కూడి ఎక్కువ వచ్చినవారిని తీసికొందురు.

"పువ్వు పుట్టగానే పరిమళించు" నని మన పెద్దల సామెత. నేనును తరగతిలో దానిని వేయిమార్లు చెప్పియుందును. కాని మల్లె పరిమళించినంత త్వరగా మొగలి పరిమళించునా? ఇందొక సూక్ష్మము కలదు. ఆలకింపుడు.

ఫలాని తేదీకి ఫలాని తేదీకి నడుమ ఒక సంవత్సరమున పుట్టినవారే ఎంపికకు రావలెనని నియమముండును. ఆ గడువు మొదటి మాసమున పుట్టినవాడును, కడపటి మాసమున పుట్టినవాడును ఒకే వరుసలో నిలుతురు. వారి నడుమ భేదము పదునొకండు మాసములు. మనవంటి ముదుసళ్లకు పదునొకండు మాసములు లెక్కలోనివి కావు. తొమ్మిదేండ్ల వానికి అది వాని ఆయుస్సులో ఇంచుమించు పదియవ పాలు! పెద్దవాడు రెండంగుళములు పొడవుండును, నాలుగు గజములు ముందుండును. చూచువారు వానిని మెరికయందురు. నిజమునకు వాడు ముందు మొలిచిన మొలక మాత్రమే.

ఈ సంగతి మొదట తేటతెల్లమైనది ఐస్ హాకీ మూలముననే. కెనడా దేశమున పిల్లలను జనవరి 1 తేదీనుండి లెక్కించి జట్లుగా విభజించుచుండిరి. 1985లో బార్న్‌స్లీ యను పండితుడును ఆయన తోడివారును మేటి ఆటగాండ్ర పుట్టిన తేదీలు పరిశీలింపగా, సంవత్సరము తొలి మాసములలో పుట్టినవారు మెండుగాను, తుది మాసములలో పుట్టినవారు తక్కువగాను కానవచ్చిరి. నక్షత్రబలమని కొందరనవచ్చును. కాదు. చిన్ననాడు ఒకింత పెద్దవారగుటచే ఎన్నికైరి. ఎన్నికైనందున మంచి శిక్షణము, మంచి పోటీలు లభించెను. ఆ శిక్షణముచే నిజముగనే మేటివారైరి. తొలుత నున్న చిన్న భేదము నీరుపోసి పెంచినట్లు పెరిగెను. ఎన్నిక కానివాడు ఇంటిదారి పట్టెను.

ఇప్పుడు నా తప్పు చెప్పుకొనవలయును. ఇరువది తొమ్మిదేండ్లుగా మనసున మోయుచున్న బరువిది.

1986 ఆగస్టులో గోదావరి పొంగిన సంగతి మీలో పలువురెరుగుదురు. ఐదేండ్లకు పిమ్మట, నేను పనిచేయుచున్న పల్లెలో నొక తల్లి కొడుకును బడిలో చేర్చ వచ్చెను. ఎప్పుడు పుట్టెనని అడిగితిని. "పెద్ద గోదారి వచ్చిన యేడు సారూ, దసరా పోయినంక పుట్టిండు" అని యామె చెప్పెను. ఆనాటి వాడుక మీకు తెలియును గదా! కుడిచేయి తలమీదుగా వేసి యెడమచెవి యందుకొన్న యెడల బిడ్డ బడికి తగినవాడని తలంచెడివారము. వాడు చెవి యందుకొనెను. నేను ప్రవేశ పట్టికలో "1-6-1986" అని వ్రాసితిని. అందరికిని అట్లే వ్రాసెడివాడను. లెక్కకు సులువు, బడి తెరచు మాసము. ఆ తల్లి నోట నిజము స్పష్టముగ వెలువడినను, నా కలము దానిని వినలేదు.

ఆ బాలుడు కుందేలువలె ఉరికెడివాడు. 1996లో నేనే ఉత్సాహముతో వానిని ఒక ఎంపికకు తోడ్కొని పోతిని. పరుగున వాడే మొదటివాడు. దూకుటలోను వాడే. పిదప కాగితములు చూచిరి. నేను వ్రాసిన తేదీ గడువునకు మూడు మాసములు ముందుండెను. వయసు మించినదని వరుసనుండి తొలగించిరి. నిజమైన తేదీ గడువు లోపలనే యున్నది. కాని నిజమునకు సాక్ష్యము లేదు, నా తప్పునకు బడిముద్ర యున్నది. అచటి వారి దోష మేమియు లేదు, వారు కాగితము చూచి నడచుకొనిరి. తిరుగుదారిలో బస్సు కిటికీ చెంత కూర్చున్న ఆ పసివాడు "సారూ, నేను సరిగ్గ ఉరుకలేదా?" అని అడిగెను. నేను ఉత్తరము చెప్పలేకపోతిని.

పెద్దలారా, అందుచే మీతో మొదటి మనవి యిది. మీ యూర బిడ్డ పుట్టినచో 21 దినములలోపల గ్రామపంచాయతీలో వ్రాయింపుడు. 1969 నాటి చట్టము ప్రకారము ఇది విధి. దవాఖానాలో పుట్టినచో అచటివారే వ్రాయింతురు, అయినను పత్రము చేతికి వచ్చినదో లేదో చూడుడు. 2023 అక్టోబరు 1 తేదీనుండి పుట్టిన బిడ్డలకు బడిప్రవేశము మొదలు పెక్కు పనులకు జన్మపత్రమే ఆధారమని చట్టమును సవరించిరి. పంతులు అందాజుగా తేదీ వ్రాయు కాలము గతించినది. గతించుట మేలు.

రెండవ మనవి. తేదీని తక్కువచేసి వ్రాయించి లాభము పొందవచ్చునని కొందరు తలంతురు. అది వలదు. మణికట్టు ఎముకలను ఎక్స్‌రే తీసి వయసు అంచనా కట్టు పద్ధతి నేడు చిన్నవారి క్రికెట్టులో సైతము నడచుచున్నది. అంతకంటె ముఖ్యముగా, పెద్దవాడు చిన్నవాడై నిలిచిన చోట నిజముగ చిన్నవాడొకడు ఇంటికి పోవును. ఆ చిన్నవాడు మీ పొరుగువాని బిడ్డయే కావచ్చును.

మూడవది. తొమ్మిదవ యేట ఎంపిక కానివానిని "వీనితో కాదు" అని తీసివేయకుడు. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమున కూలి చేసికొను వారి యింట పుట్టిన జీవన్‌జీ దీప్తిని చూడుడు. బుద్ధి యెదుగుదలలో లోపమున్నదని ఇరుగుపొరుగు వారామెను ఎగతాళి చేసిరి. ఆమె పరుగును బడిలోని వ్యాయామోపాధ్యాయుడు గమనించెను. పిదప నాగపురి రమేశ్ అను శిక్షకుడు తీర్చిదిద్దెను. 2024 మే మాసమున జపానులోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో ఉరికి ప్రపంచ పోటీలో బంగారు పతకము గెలిచెను. అదే యేడు సెప్టెంబరు 3 తేదీన పారిస్ పారాలింపిక్కులలో కాంస్యము తెచ్చెను. ఊరు చూడనిదానిని ఇద్దరు ముగ్గురు గురువులు చూచిరి.

నాల్గవది. ఎంపికైన బిడ్డను మరువకుడు. తొమ్మిదేండ్ల పసివాడు తల్లిని విడిచి పెద్దబడికి పోవుట చిన్న సంగతి కాదు. సెలవులలో వచ్చినపుడు పతకము తెచ్చితివా అని మొదట అడుగకుడు. అన్నము తినుచున్నావా, చదువు సాగుచున్నదా, కాలినొప్పి యేమైన నున్నదా అని యడుగుడు. బెంగపడి తిరిగి వచ్చినవాడున్నచో నవ్వకుడు. నారులో ప్రతి మొక్కయు ఒకే మడిలో పట్టదు. అమెరికా ముదుసళ్లు పరాయి బిడ్డల లెక్కలే వ్రాసికొనుచుండగా, మన యూరి బిడ్డ యెట్లున్నాడో మనము కనుగొనలేమా?

కడపట ఒక మాట. నిరుడు తొలకరిలో నా గుమ్మమున ఆటో యొకటి ఆగెను. దిగినవాడు ఆనాటి నా శిష్యుడు. ముప్పది యెనిమిదేండ్లు నిండినవి, వెండ్రుకలు నెరయుచున్నవి. వెంట తొమ్మిదేండ్ల కూతురు. ప్లాస్టికు పొర తొడిగించిన జన్మపత్రము నా చేతికిచ్చి, "తారీకు సరిగ్గ ఉన్నదా చూడుండ్రి సారూ" అనెను. నా కన్నులు చెమ్మగిల్లినవి. పత్రము సరిగా నుండెను. ఆ బాలిక మండలము దాటెను, జిల్లాలో కొలది మార్కులతో నిలిచిపోయెను. మరునాడు వచ్చి అతడు చెప్పిన మాట యిది: "ఈసారి కాళ్లే తప్పినయి సారూ, కాగితం తప్పలే." ఆ పిల్ల నేటికిని తెల్లవారుజామున సింగరేణి వారి మైదానమున ఉరుకుచున్నది. నేను గట్టుమీద కూర్చుండి చూచుచుందును.

కనుక తుంట పట్టుకొని వచ్చు తండ్రికి నేడు నేనిచ్చు ఉత్తర మిది: పంపుము నాయనా, కాని ముందు కాగితము చూచుకొనుము, పిమ్మట బిడ్డను చూచుకొనుము. ఎన్నికైనను, కాకున్నను, చూచుకొనుట మానకుము.