గాత్రదాత కంఠసాధన – శిక్షాశాస్త్ర పరామర్శ

ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని అభినయము నాలుగు విధములుగా భరతముని విభజించెను. వీనిలో గాత్రదాతకు దక్కినది వాచికమొక్కటియే. తెఱమీద కదలు ముఖము వేఱొకరిది. ఆ ముఖమునకు తగిన మాటను మైకు ఎదుట నిలిచి పలుకువాడు ఇతడు. కావున తక్కిన మూడు అభినయముల భారమును గూడ ఇతని కంఠమే మోయవలసి వచ్చుచున్నది.

తెలుగున ఈ విద్యకు 1950లో వచ్చిన ‘ఆహుతి’ చిత్రము నాంది యని చెప్పుదురు. హిందీ చిత్రమైన ‘నీరా ఔర్ నందా’కు అది తెలుగు రూపము, అందలి మాటలను, పాటలను శ్రీశ్రీ రచించెను. ఆ పిదప ఈ విద్య ఎంతటి వైవిధ్యమును సాధించినదో తెలియుటకు రెండు ఉదాహరణములు చాలును. ‘అన్నమయ్య’ (1997)లో సుమన్ ధరించిన వేంకటేశ్వరుని పాత్రకు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము ఇచ్చిన గాత్రము ప్రసన్నగంభీరము. ‘అరుంధతి’ (2009)లో పశుపతి పాత్రకు పి. రవిశంకర్ ఇచ్చిన గాత్రము భయానకము. నేడు ఈ వృత్తిని కోరు విద్యార్థులలో పలువురు ఈ రెండవ విధమైన గొంతును అనుకరించుటతోనే సాధన మొదలిడుచున్నారు. ఇది క్రమవిరుద్ధమని మా అభిప్రాయము. మొదట శ్వాస, పిదప వర్ణస్థానము, ఆ పిదపనే భావానుగుణమైన స్వరభేదము, అనగా కాకువు – ఇదియే సాధనక్రమము. క్రమము తప్పినచో నష్టపోవునది పాత్ర కాదు, కంఠము. ఈ విషయమును శిక్షాశాస్త్రమును, ఆధునిక ధ్వనివిజ్ఞానమును జోడించి వివరించుటకు ఇట యత్నింతుము.

వాక్కు పుట్టుకను పాణినీయశిక్ష ఒక వరుసగా నిరూపించినది. ఆత్మ బుద్ధితో అర్థములను గ్రహించి, పలుకవలెనను కోరికతో మనస్సును నియోగించును. మనస్సు కాయాగ్నిని, కాయాగ్ని వాయువును కదలించును. ఆ వాయువు పైకి నడచుటవలన ధ్వని కలుగును. ఈ వరుసలో కంఠము మొదటిది కాదన్న సంగతి గమనింపదగినది. అర్థము, ఇచ్ఛ, వాయువు – ఇవి గడచిన పిమ్మటనే కంఠమునకు పని.

అదే గ్రంథము మంద్రమునకు ఉరస్సును, మధ్యమమునకు కంఠమును, తారమునకు శిరస్సును స్థానములుగా చెప్పినది. దీనిని పైపైన గ్రహించి, గొంతును క్రిందికి అదిమినచో ఛాతీనుండి గంభీరధ్వని పుట్టునని కొందఱు తలంతురు. 1854లో మాన్యుయల్ గార్సియా అను గానాచార్యుడు చిన్న అద్దము సాయమున పలుకుచున్న తన స్వరపేటికను తానే చూచి, ఆ పరిశీలనమును 1855లో లండనులోని రాయల్ సొసైటీకి నివేదించెను. నాదము మంద్రమైనను, తారమైనను పుట్టు చోటు స్వరపేటికలోని తంత్రులే. ఛాతీయందును, శిరస్సునందును మనకు తోచునది ఆ నాదముయొక్క కంపనము. శిక్షాకారులు పలుకువాని అనుభవమును చెప్పిరి. గార్సియా చూచినది జన్మస్థానము. ఇట్లు అన్వయించుకొన్నచో రెండింటికిని విరోధము లేదు; గొంతును అదుమవలసిన అవసరమును లేదు.

అదుముటవలని హాని ఎట్టిది? సాధారణసంభాషణలో పురుషుని స్వరతంత్రులు సెకనుకు ఇంచుమించు 100 నుండి 130 మార్లును, స్త్రీ స్వరతంత్రులు 200 మార్లకు అటునిటుగాను ఒకదానినొకటి తాకుచుండును. నాదము ఒక్క నిమిషము ఎడతెగక సాగినచో పురుషునికి ఆ తాకిళ్లు 6,000కు తక్కువ కావు. మృదువుగా తాకిన అది నాదము; బిగించి తాకించిన అది దెబ్బ. ఏండ్లతరబడి అఱచుచు, గొంతు నొక్కి పలుకుచు పోయినవారికి తంత్రుల ముందరి మూడవవంతు తక్కిన భాగముతో కలియు తావున చిన్న బొడిపెలు ఏర్పడుట కలదు. పాత్రకొఱకు తెచ్చుకొన్న బొంగురు అప్పుడు స్వంతమై కూర్చుండును. మృదువైన పాత్రలు ఆ గొంతునకు మఱి లొంగవు.

కావున సాధనకు శ్వాసయే ఆరంభము. భుజములు ఎగయక, ప్రక్కటెముకలును పొట్టయు విచ్చుకొనునట్లు గాలి తీసికొని, ‘స్’ అను ధ్వనిని సన్నగా, ఒకే ఒత్తిడితో విడుచుట మొదటి అభ్యాసము. పెదవులు మూసి ‘మ్’ అని హాయిగా నాదము చేయుట రెండవది. ఇందువలన తంత్రులు శ్రమపడకుండ వేడెక్కును. పిదప వాక్యమును చేతబట్టి, ఊపిరి తీయదగిన తావులను అర్థమును బట్టి ముందుగనే గుర్తించుకొనవలెను. తెలుగున దీనికి ప్రత్యేకావసరము కలదు. మన మాటలు చాలవఱకు అజంతములు. గాలి చాలనివాడు మొదట పోగొట్టుకొనునది పదాంతమందలి అచ్చునే. ‘వచ్చినాడు’ అన్నది ‘వచ్చినాడ్’ అగును. తెఱమీది పెదవులు ఇంకను కదలుచుండగనే మాట ముగిసిపోవును.

రెండవది స్థానము. కంఠ్యములు, మూర్ధన్యములు పుట్టు తావు చూపరులకు కానరాదు. ఓష్ఠ్యములకు పెదవులు మూతపడుట స్పష్టముగా కానవచ్చును. అందుచే తెఱమీది పెదవులు కలియు తావున ప, బ, మ మొదలగు వర్ణములు గల మాటను కూర్చుటకు రచయిత శ్రమపడును. ఆ క్షణమును తప్పక పట్టుట గాత్రదాత పని. శ, ష, సల భేదమును, న, ణల, ల, ళల భేదమును, ఒత్తక్షరముల ప్రాణమును నిలుపుటయు ఇతని బాధ్యతయే. ఆడుపులి పిల్లలను పండ్లతో పట్టి కొనిపోవునప్పుడు, జాఱునేమో యనియు, గ్రుచ్చుకొనునేమో యనియు జాగ్రత్తపడునట్లు వర్ణములను పలుకవలెనని శిక్ష బోధించినది. మైకు ఎదుట ఈ ఉపమానము మఱింత సార్థకము. వదులుగా పట్టిన అక్షరము వినబడదు. గట్టిగా పట్టిన ‘ప’, ‘భ’లు గాలిదెబ్బలై మైకును తాకును. ఇంచుమించు జానెడు దూరమున, నోటి గాలి సూటిగా తగులకుండ కొంచెము ఓరగా నిలిచి పలుకుట మేలు.

మూడవది కాకువు. ఉచ్చము, దీప్తము, మంద్రము, నీచము, ద్రుతము, విలంబితము అని పాఠ్యమునకు ఆఱు అలంకారములను నాట్యశాస్త్రము పేర్కొన్నది. క్రౌర్యమును చూపుటకు గొంతు నొక్కనక్కఱలేదు. హల్లులను పదునుపెట్టి, వేగమును మార్చి, అనుకొనని తావున ఆగినచో చాలును. ‘రా’ అను ఒక్క మాటనే పిలుపుగా, ఆజ్ఞగా, వేడుకోలుగా, బెదిరింపుగా, ఒకే స్థాయిలో గొంతు పెంచక పలికి చూచినచో ఈ మాట సత్యము తెలియును.

పఠనదోషముల పట్టికయు మా వాదమునకు సాక్ష్యమిచ్చుచున్నది. పాడినట్లు చదువువాడు, తొందరపడువాడు, తల ఆడించువాడు, వ్రాతను చూచి చదువువాడు, అర్థమెఱుగనివాడు, సన్నని గొంతువాడు – ఈ ఆఱుగురిని అధమపాఠకులుగా శిక్ష గణించినది. ఆఱింటిలో గొంతుకు సంబంధించిన దోషము ఒక్కటియే. తక్కినవి అవధానమునకును, అర్థజ్ఞానమునకును సంబంధించినవి. తల ఆడించినచో మైకునకు దూరము మాఱి ధ్వని హెచ్చుతగ్గులగునని నేటి ధ్వనిముద్రణశాలలోనివారును చెప్పుదురు.

ఇక కంఠరక్షణ. త్రాగిన నీరు అన్నవాహికలో పోవును గాని స్వరతంత్రులను తాకదు. దేహమంతయు తడి కలిగియున్నపుడే వానికి తేమ అందును. కనుక పలుకుటకు ముందు ఒక్క గ్రుక్క త్రాగుట చాలదు. దినమంతయు తగినంత నీరు త్రాగుచుండవలెను. కరక్కాయ, మిరియాల కషాయము గొంతునకు హాయి గూర్చవచ్చును. అవియు తంత్రులను నేరుగా చేరునవి కావు. ఆవిరి మాత్రము పీల్చు గాలితో లోనికి పోయి వానికి తేమనిచ్చును. మాటిమాటికి ఖంగుమని గొంతు సవరించుకొనుట తంత్రులను కొట్టుటయే. దానికి బదులు గుటక మ్రింగవలెను. గొంతు పోయినప్పుడు గుసగుసలాడుట విశ్రాంతి యని తలంపరాదు. బిగించి గుసగుసలాడినచో శ్రమ హెచ్చును. మౌనమే విశ్రాంతి. రాత్రి ప్రొద్దుపోయి భుజించి వెంటనే పరుండినచో పుల్లని జఠరరసము పైకెగసి స్వరపేటికను ఒఱయవచ్చును. పొగత్రాగుట ఈ వృత్తికి సర్వథా నిషిద్ధము. అఱపుల సన్నివేశములను నాటి పనిలో చివరకు ఉంచుకొనుట వివేకము. జలుబు లేకున్నను బొంగురు మూడు వారములకు మించి నిలిచినచో, గృహవైద్యమున కాలము గడపక చెవి, ముక్కు, గొంతు వైద్యునిచే స్వరపేటికను పరీక్ష చేయించుకొనవలెను.

ఈ విషయము గాత్రదాతలకే పరిమితము కాదు. దినమునకు నాలుగు గంటలు బోధించు అధ్యాపకుని తంత్రులకును ఈ నియమములే వర్తించును. తెలుగు శాఖలలో శిక్షాశాస్త్రమును పరీక్షకు చదువు పాఠముగా మాత్రమే ఉంచక, వారమునకు ఒక గంట బిగ్గరగా చదివించి, ఊపిరిని, పదాంతముల అచ్చులను, ఒత్తక్షరములను సరిచూచినచో, ఈ వృత్తిని కోరు విద్యార్థి అనుకరణముతో గొంతు చెడగొట్టుకొనకమునుపే సరియైన మార్గమున పడును. చెడిన పిదప మందు వెదకుటకంటె ఇది సులభము.