వైఫైలో అన్నీ వస్తున్నా ఆ ఒక్క సైట్ ఓపెన్ కావట్లేదా? కంగారొద్దు.. ముందు ఈ చిన్న టెస్ట్ చేయండి!

వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఇవాళే ఆఖరి రోజు. ఇంట్లో వైఫై ఉంది. యూట్యూబ్ వస్తోంది, వాట్సాప్ వస్తోంది. కౌన్సెలింగ్ సైట్ మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది. పక్కింటి అబ్బాయికి ఫోన్ చేస్తే ‘నాకు ఓపెన్ అవుతోందిగా’ అంటాడు. ఇలాంటప్పుడు చాలామంది రిఫ్రెష్ బటన్ నొక్కుతూ కూర్చుంటారు, లేదంటే నెట్ సెంటర్‌కు పరుగెడతారు. సమస్య ఎక్కడుందో తెలిస్తే చాలాసార్లు ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. ఎలాగో చూద్దాం.

ముందుగా చేయాల్సిన టెస్ట్ ఇదే

ఫోన్‌లో వైఫై ఆఫ్ చేసి, మొబైల్ డేటాతో అదే సైట్ తెరవండి. ఓపెన్ అయిందా? అయితే సైట్ బాగానే ఉంది, తేడా ఇంటి కనెక్షన్‌లోనే. డేటాలోనూ రాలేదా? అప్పుడు సైట్ సర్వరే డౌన్ అయి ఉండొచ్చు. ఇక్కడో మెలిక ఉంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్, ఫోన్‌లోని సిమ్ ఒకే కంపెనీవైతే ఈ టెస్ట్ సరిపోదు. వేరే కంపెనీ సిమ్‌తోనూ చూడాలి.

గడువు దగ్గర పడితే రిపేర్లు తర్వాత చూసుకోవచ్చు. డేటాలో ఓపెన్ అవుతోందంటే ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌కు కలిపి ముందు పని పూర్తి చేయండి.

స్క్రీన్ మీద ఏం చూపిస్తోంది?

503 అని వస్తే సర్వర్ మీద లోడ్ ఎక్కువైందని, లేదా మెయింటెనెన్స్‌లో ఉందని అర్థం. కాసేపాగి ప్రయత్నించడమే మార్గం. 404 అంటే సైట్ ఉంది, ఆ పేజీ లేదు. అడ్రస్ సరిచూసుకోవాలి. 403 అంటే సైటే మిమ్మల్ని లోపలికి రానివ్వడం లేదు. వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి చూడండి. కొన్ని ప్రభుత్వ సైట్లు విదేశీ కనెక్షన్లను అనుమతించవు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇక్కడి సైట్లు కొన్నిసార్లు ఓపెన్ కాకపోవడానికి ఇదీ ఒక కారణం.

‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అని వస్తే ముందు ఫోన్ లేదా కంప్యూటర్‌లో తేదీ, టైమ్ చూడండి. పాత కంప్యూటర్లలో తేదీ వెనక్కి వెళ్లిపోతే ఈ మెసేజ్ వస్తుంది. తేదీ సరిగానే ఉన్నా అదే వస్తుంటే, ఆ పేజీలో పాస్‌వర్డ్, కార్డు వివరాలు ఇవ్వకపోవడమే మంచిది.

అసలు దొంగ.. డీఎన్ఎస్!

ఒక్క సైటే రాకపోవడం వెనుక తరచూ ఉండేది డీఎన్ఎస్. ఇది ఇంటర్నెట్‌కు ఫోన్ బుక్ లాంటిది. మనం సైట్ పేరు టైప్ చేస్తే, దాని నంబర్ అంటే ఐపీ అడ్రస్ వెతికి ఇచ్చేది ఇదే. మామూలుగా ఈ పని మన ఇంటర్నెట్ కంపెనీ సర్వర్ చేస్తుంది. అక్కడ పాత నంబరే ఉండిపోతే, సైట్ బాగానే ఉన్నా మనకు మాత్రం దొరకదు.

రూటర్ స్విచ్ ఆపి, నిమిషం ఆగి ఆన్ చేయండి. కంప్యూటర్‌ను కూడా రీస్టార్ట్ చేయండి. పాత నంబర్లు చెరిగిపోతాయి. అప్పటికీ రాకపోతే డీఎన్ఎస్ మార్చి చూడొచ్చు. విండోస్ 11లో అయితే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, హార్డ్‌వేర్ ప్రాపర్టీస్‌కు వెళ్లాలి. డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్ పక్కన ఎడిట్ నొక్కి, మాన్యువల్ ఎంచుకుని, ఐపీవీ4 ఆన్ చేసి 8.8.8.8, రెండో గడిలో 8.8.4.4 ఇవ్వాలి. ఇవి గూగుల్ ఉచితంగా ఇచ్చే సర్వర్లు. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2018లో తెచ్చిన 1.1.1.1 కూడా వాడొచ్చు.

ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లలో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ ఆప్షన్ ఉంది. ప్రకటనలు రాకుండా గతంలో అక్కడ ఏదైనా పేరు పెట్టి ఉంటే, సైట్‌ను అదే అడ్డుకుంటూ ఉండొచ్చు. దాన్ని ఆటోమేటిక్‌కు మార్చి చూడండి.

రూటర్ ఆపినా లాభం లేని రోజులు

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు 6 గంటలు ఆగిపోయాయి. ఆ కంపెనీ సర్వర్లకు దారి చూపే సమాచారమే ఇంటర్నెట్ నుంచి మాయమైంది. ఆ రాత్రి మన దగ్గర ఎంతమంది రూటర్లు ఆపి ఆన్ చేసినా ఫలితం లేదు. అలాగే ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద కేంద్రం బ్లాక్ చేసిన సైట్లూ ఓపెన్ కావు. అది మీ వైఫై తప్పు కాదు.

ఈ తొందరలోనే మోసపోతారు.. జాగ్రత్త

సైట్ రావట్లేదని గూగుల్‌లో వెతికి, అచ్చం అలాగే ఉండే నకిలీ సైట్‌లో ఫీజు కట్టేవాళ్లున్నారు. నెట్‌లో దొరికిన ‘కస్టమర్ కేర్’ నంబర్‌కు ఫోన్ చేసి, అవతలివాళ్లు చెప్పిన యాప్ వేసుకుని ఖాతా ఖాళీ చేసుకునేవాళ్లూ ఉన్నారు. నోటిఫికేషన్‌లో ఇచ్చిన అడ్రస్‌నే టైప్ చేయండి. ఇంటర్నెట్ కంపెనీ నంబర్ బిల్లు మీద చూసుకోండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఏదీ పని చేయకపోతే ఎర్రర్ మెసేజ్‌ను టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ‘నెట్ రావట్లేదు’ అనడం కంటే ‘ఈ సైట్ మీ వైఫైలో రావట్లేదు, వేరే కంపెనీ డేటాలో వస్తోంది’ అని కంప్లైంట్ ఇస్తే వాళ్లకు సమస్య త్వరగా అర్థమవుతుంది. గడువు దాటితే హెల్ప్‌లైన్ సెంటర్‌లో చూపించడానికి ఆ స్క్రీన్‌షాటే మీ చేతిలో ఉండే ఆధారం.