అర్జీ రాసే విద్య

తహసీల్దారు ఆఫీసులో పని పడితే మా నాన్న ముందుగా బయట వేపచెట్టు కింద అర్జీలు రాసే పెద్దాయన దగ్గరికే వెళ్తాడు. "ఎవరికి పెట్టాలో, ఏమని అడగాలో ఆయనకి తెలుసురా" అంటాడు. సైన్సు విద్యార్థినైన నేను హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానం గురించి చదువుతుంటే ఆ మాటే గుర్తొచ్చింది.

ఆ న్యాయస్థానం దేశాల మధ్య తగాదాలు తీర్చటమే గాక, చట్టం ఏం చెప్తోందో సలహా అభిప్రాయం కూడా ఇస్తుంది. అయితే మనబోటివాళ్ళు అడిగితే ఇవ్వదు. ఒక దేశం ఒంటరిగా అడిగినా ఇవ్వదు. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ, భద్రతామండలి, అనుమతి పొందిన మరికొన్ని సంస్థలు మాత్రమే అడగాలి. మరి న్యాయవాదుల పనేమిటి? ఎవరిచేత అడిగించాలి, ఏ మాటల్లో అడిగించాలి అన్నవి చూసుకోవటమే.

మొదటిది తప్పితే ఏమవుతుందో అణ్వాయుధాల విషయంలో తెలిసింది. వైద్యుల, న్యాయవాదుల సంఘాలు పట్టుబట్టగా, యుద్ధంలో వాటి వాడకం చట్టవిరుద్ధమా అని 1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగింది. అది మీ పరిధిలోది కాదంటూ 1996 జూలై 8న కోర్టు తోసిపుచ్చింది. అలాంటి ప్రశ్నే 1994లో సర్వప్రతినిధి సభ అడగ్గా, దానికి అదే రోజున జవాబిచ్చింది. వాటి వాడకం సాధారణంగా చట్టవిరుద్ధమేనంది. దేశం మనుగడకే ముప్పొచ్చినప్పటి ఆత్మరక్షణ సంగతి మాత్రం తేల్చలేనంది.

ఇక మాటల సంగతి. 2019లో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో 27 మంది లా విద్యార్థులు వాతావరణ మార్పును ఈ కోర్టుకి తీసుకెళ్ళాలని పట్టుబట్టారు. చిన్న ద్వీపదేశం వనువాటు ముందుకొచ్చింది. ఫలానా దేశం దోషా అని అడిగుంటే మిగతా దేశాలు కలిసొచ్చేవా? అందుకే ఏ దేశం పేరూ ఎత్తలేదు. వాతావరణాన్ని కాపాడటంలో దేశాల బాధ్యతలేమిటి, తీవ్రహాని చేస్తే చట్టరీత్యా పర్యవసానాలేమిటి అని మాత్రమే రాశారు. 2023 మార్చి 29న ఓటింగు లేకుండానే తీర్మానం నెగ్గింది. 2025 జూలై 23న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా బాధ్యత ఉందన్నారు. ఉల్లంఘన వల్లే నష్టం జరిగిందని రుజువైతే పరిహారం కూడా చెల్లించాల్సి రావచ్చన్నారు.

ఇదంతా మా నాన్నకి చెప్పాను. "అర్జీ బాగానే రాశారు. డబ్బు చేతికొస్తుందా?" అన్నాడు. సలహా అభిప్రాయానికి తీర్పులా కట్టుబడక్కర్లేదు, నిజమే. కానీ రేపు ఏ దేశపు కోర్టులోనైనా నష్టపోయినవాడి వకీలు చూపించటానికి ఒక కాగితమంటూ ఉంది. అర్జీ పెట్టినవాడికి కాగితం విలువ తెలియంది కాదు.